పాత ఇంటికి కొత్త గది: అంచనా ఎలా వేయాలి, పని ఎవరికి ఇవ్వాలి

పాత ఇళ్లకు గదులు చేర్చే పనులకు, ఉన్న గదులను వేరే అవసరానికి మార్చే పనులకు అంచనాలు వేయడం నా వృత్తి. పని జరుగుతుంటే కొలతలు తీసి బిల్లులు సరిచూడడం కూడా అందులో భాగమే. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది కూర్చోకముందే అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "చదరపు అడుగుకు ఎంత పడుతుంది?" దానికి నేను జవాబు చెప్పను. చెబితే ఆ అంకె మనసులో స్థిరపడిపోతుంది. తర్వాత నేను చెప్పే ప్రతి మాటా అదనపు ఖర్చులాగే వినిపిస్తుంది.

ఖాళీ స్థలంలో మొత్తం ఇల్లు కట్టేవారికి చదరపు అడుగు ధర కొంతవరకు పనికొస్తుంది. ఉన్న ఇంటికి ఒక గది చేర్చేవారిని అది తప్పుదారి పట్టిస్తుంది. లెక్క చూడండి. 20 అడుగులకు 20 అడుగుల హాలుకు నేల 400 చదరపు అడుగులు, చుట్టూ గోడ 80 అడుగులు. 10 అడుగులకు 10 అడుగుల గదికి నేల 100 చదరపు అడుగులు, గోడ 40 అడుగులు. నేల నాలుగో వంతుకు తగ్గితే గోడ సగానికే తగ్గింది. ఇక 5 అడుగులకు 8 అడుగుల స్నానాల గది తీసుకుంటే, 40 చదరపు అడుగుల నేలకు 26 అడుగుల గోడ కట్టాలి. ఆ గోడలకు టైల్స్, లోపల పైపులు, నేలలోకి నీరు ఇంకకుండా పూత, కుళాయిలు అన్నీ ఆ 40 చదరపు అడుగుల మీదే పడతాయి. గది చిన్నదయ్యే కొద్దీ అడుగు ధర పెరగడానికి ఎవరూ మోసం చేయనక్కర్లేదు.

అంతకంటే పెద్ద విషయం మరొకటి ఉంది. చేర్పు పనుల్లో అంచనాకు అందకుండా డబ్బు జారిపోయేది కొత్తది పాతదాన్ని తాకే చోట. పాత గోడ పగలగొట్టాలి, ఆ చెత్త మోయించాలి, పాత నేల మట్టానికి కొత్త నేలను కలపాలి, రెండు కప్పుల మధ్య నుంచి వాన నీరు దిగకుండా చూడాలి, పాత మురుగు గొట్టంలోకి కొత్త గొట్టం కలపాలి, పాత మెయిన్ స్విచ్ కొత్త గది భారం మోస్తుందో లేదో తేల్చాలి. ఇందులో ఒక్కటి కూడా చదరపు అడుగుల్లో కొలిచేది కాదు. చెత్తనే తీసుకోండి. నిలబడి ఉన్న గోడ కంటే పగలగొట్టిన గోడ చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, సగానికి సగం పెరిగినా ఆశ్చర్యం లేదు. ఒక బండికి సరిపోతుందనుకున్నది రెండో బండి అడుగుతుంది. అందుకే నేను అంచనాను ఎప్పుడూ అతుకు దగ్గర మొదలుపెడతాను. కొత్త గది లెక్క ఎవరైనా వేయగలరు.

ముందు ఇంజనీర్, తర్వాతే మేస్త్రీ

ఇంటి ఎముకలను తాకే పని ఏదైనా నిర్మాణ ఇంజనీర్ చూడకుండా మొదలుపెట్టకూడదు. పై అంతస్తు వేయడం, గోడ తీసేయడం, గోడలో కొత్త ద్వారం పెట్టడం, బాల్కనీని గదిగా మూయడం, పైన నీళ్ల ట్యాంకు పెట్టడం అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఇంజనీర్ ఫీజు మొత్తం ఖర్చులో చిన్న భాగం. దాన్ని మిగుల్చుకున్నామని సంతోషించినవారిలో కొందరు ఆ తర్వాత కప్పు కింద ఇనుప దూలం బిగించడానికి ఎంత పోశారో నా దగ్గర లెక్కలున్నాయి.

బరువులు ఎంతుంటాయో కొంచెం చెబుతాను. ఇనుముతో కలిపి కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2,500 కిలోలు తూగుతుంది. 10 అడుగులకు 10 అడుగుల స్లాబు 5 అంగుళాల మందంతో వేస్తే అది దాదాపు మూడు టన్నులు. దాని కింద 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, 9 అంగుళాల మందం ఉన్న ఇటుక గోడ ఒక్కొక్కటి నాలుగు టన్నుల వరకు వస్తుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్లే ఒక టన్ను. "పైన చిన్న గదే కదా" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ టన్నులే కళ్ల ముందు కనిపిస్తాయి.

బాల్కనీ సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన స్లాబులో అసలు బలం ఇచ్చే కడ్డీలు పైభాగంలో ఉండాలి. ఎందుకంటే బరువుకు అది కిందికి వంగబోతే సాగేది పైభాగమే. కాంక్రీటు పోసే రోజున కూలీలు ఆ కడ్డీల మీద నడిస్తే అవి కిందికి అణిగిపోతాయి. స్లాబు పైకి బాగానే కనిపిస్తుంది, నలుగురు నిలబడితే మోస్తుంది కూడా. దాని అంచు మీద ఇటుక గోడ కట్టినప్పుడు మాత్రం అసలు సంగతి బయటపడుతుంది. బాల్కనీని గదిగా మార్చాలంటే తేలికపాటి చట్రం, అద్దాలు లేదా పలకలతో మూయడం గురించి ముందు ఆలోచించండి. ఇటుకతో కట్టాలంటే ఇంజనీర్ సంతకం ఉండాల్సిందే.

గోడ తీసేయాలనుకునేవారు మందం చూసి నిర్ణయానికి రాకూడదు. పలుచని గోడ మీద కూడా పైన ఏదో ఒకటి కూర్చుని ఉండవచ్చు. పైకి వెళ్లి ఆ గోడకు సరిగ్గా పైన ఏముందో చూడాలి: మరో గోడా, దూలమా, ట్యాంకా, మెట్లా?

కొత్త పునాది విషయంలో రెండు ప్రమాదాలున్నాయి. పాత గోడను ఆనుకుని దాని పునాది అడుగు కంటే లోతుగా ఒకేసారి పొడవునా తవ్వితే, పాత గోడ కింది మట్టి జారవచ్చు. అక్కడ ముక్కలు ముక్కలుగా తవ్వి, ఒక ముక్క నింపి గట్టిపడ్డాకే పక్కది తవ్వాలి. ఇది నెమ్మదిగా సాగే పని, కాబట్టి కూలి ఎక్కువ. అంచనాలో ఇది కనిపించకపోతే మేస్త్రీ ఒకేసారి తవ్వేద్దామనే అనుకుంటున్నాడు. రెండోది, పాత పునాది కింది నేల ఏళ్ల తరబడి బరువు మోసి సర్దుకుని ఉంటుంది, కొత్త పునాది కింది నేల ఇప్పుడే సర్దుకోవడం మొదలుపెడుతుంది. రెండు గోడలనూ ఇటుకకు ఇటుక అల్లి కట్టేస్తే, కొత్తది కాస్త దిగగానే నిలువునా పగులు వస్తుంది. అందుకే చాలాచోట్ల ఇంజనీర్లు ఆ అతుకులో సన్నని సందు వదిలి, సాగే పదార్థంతో నింపమంటారు. కొన్ని ఇళ్లలో పాత పిల్లరుకు రంధ్రాలు చేసి, రసాయన జిగురుతో కడ్డీలు బిగించి కలపమంటారు. ఏది సరైనదో నేలా కట్టడమూ చూసినవారే చెప్పాలి.

ఖర్చు లేకుండా మీరే చేసుకోగల పరీక్షలు రెండున్నాయి. గోడ మీద పాత పగులు కనిపిస్తే దాని రెండు కొనల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాయండి. కొన్ని నెలల్లో పగులు ఆ గీత దాటిందంటే ఇల్లు ఇంకా కదులుతోంది, దానికి కారణం తేలేవరకు కొత్త బరువు పెట్టకూడదు. కారు పెట్టే షెడ్డునో సామాన్ల గదినో పడక గదిగా మార్చాలనుకుంటే, రెండడుగుల చదరపు ప్లాస్టిక్ పట్టాను నేల మీద పరిచి అంచులన్నీ టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసినప్పుడు అడుగున చెమ్మ ఉంటే నేలలోంచి తేమ వస్తోందని అర్థం. దాని మీద చెక్క పలకలు వేస్తే ఉబ్బిపోతాయి. తేమను ఆపే పొర ఖర్చు మీ లెక్కలో చేరాలి.

అనుమతుల గురించి ఒక్క మాట. స్థానిక సంస్థ అనుమతి, ఇంటి మీద అప్పుంటే బ్యాంకుకు తెలియజేయడం, పక్కింటితో కలిసిన గోడ అయితే వాళ్లతో రాతపూర్వక అంగీకారం, ఈ మూడూ మేస్త్రీతో మాట్లాడకముందే మొదలుపెట్టండి. పని మధ్యలో ఆగితే సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేవరకు దాన్ని మోయడానికి కట్టే తాత్కాలిక పలకలు, ఆధారాలు) అద్దె ఆగదు.

అందరికీ ఒకే జాబితా ఇవ్వండి

ముగ్గురి దగ్గర ధరలు తీసుకోవాలని అందరికీ తెలుసు. ముగ్గురికీ ఒకే పని చెప్పాలని మాత్రం చాలామందికి తోచదు. నోటిమాటగా "ఇక్కడ ఒక గది, పక్కన స్నానాల గది" అని చెబితే ముగ్గురూ మూడు వేర్వేరు గదులకు ధర చెబుతారు. ఒక ఇంట్లో రెండు ధరల మధ్య తేడా మూడో వంతు వచ్చిందని నన్ను పిలిచారు. విడదీసి చూస్తే తక్కువ ధర చెప్పిన కాగితంలో చెత్త తరలింపు లేదు, సెంట్రింగ్ సామాను లేదు, బయటి గోడకు ప్లాస్టరింగ్ లేదు, కిటికీలకు గ్రిల్స్ లేవు. అవన్నీ కలిపితే అదే ఎక్కువ ధర. ఆ మేస్త్రీ అబద్ధమేమీ ఆడలేదు, అడగనిది రాయలేదు.

జాబితా మీరే రాయండి, లేదా ఇంజనీర్ చేత రాయించండి. పునాది లోతు, గోడ మందం, స్లాబు మందం, ప్లాస్టరింగ్ ఎన్ని వైపులు, ఎన్ని విద్యుత్ పాయింట్లు, ఎన్ని కుళాయిలు, తలుపుల కొలత, రంగు ఎన్ని పూతలు అన్నీ అందులో ఉండాలి. ఆ తర్వాత గొడవలకు కారణమయ్యే చిన్న విషయాలు చేర్చండి: నీళ్లు, కరెంటు ఎవరి ఖాతాలో? పరంజా ఎవరిది? మెట్లు, బాల్కనీ, పిట్టగోడ కొలతలోకి ఎలా వస్తాయి? ప్లాస్టరింగ్ కొలిచేటప్పుడు తలుపులు, కిటికీల ఖాళీలు తీసేస్తారా? పాత నేల, పాత రంగు పాడైతే సరిచేసేది ఎవరు? ఈ చివరి ప్రశ్న అడిగినప్పుడు మేస్త్రీ ముఖం గమనించండి.

ధర ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలన్నది పనిని బట్టి ఉంటుంది. కూలికి మాత్రమే ఇస్తే సామాను మీరు కొనాలి. రోజూ పని దగ్గర ఉండగలిగితే అది చవక, లేకపోతే సిమెంటు, ఇసుక ఎటు పోయాయో తెలియదు. సామానుతో కలిపి మొత్తానికి ఒకే ధర అంటే మనశ్శాంతి ఎక్కువ, కానీ జాబితా పక్కాగా ఉన్నప్పుడే. పాత ఇంటి పనికి నాకు నచ్చేది ఈ రెండూ కలిసిన పద్ధతి: కొత్త గదికి ఒకే ధర, అతుకు పనులకు కొలిచి ఇచ్చే ధర. గోడ లోపల ఏముందో తెలియని చోట ఖచ్చితమైన ధర అడిగితే, మేస్త్రీ తన భయానికి కూడా ధర కడతాడు.

మేస్త్రీని చూడడం

వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ తీసేసే పని కోసం ఒక ఇంటికి ముగ్గురు వచ్చారు. ఇద్దరు గుమ్మంలో నిలబడే ధర చెప్పేశారు. మూడో ఆయన ఏమీ మాట్లాడకుండా మేడ మీదకు వెళ్లి వచ్చారు. సుత్తి పిడితో గోడను పైనుంచి కిందికి కొట్టుకుంటూ విన్నారు. ప్లాస్టరింగ్ రాలిపోయిన ఒక మూల దగ్గర కూర్చుని, జేబులోంచి మేకు తీసి ఇటుకల మధ్య గీకారు. పొడి జలజలా రాలింది. అరచేతిలోకి తీసుకుని వేళ్లతో నలిపి, "పైన గోడ దీని మీదే ఉంది, ఇది చూస్తే పిండిలా ఉంది. ఇంజనీర్ గారు కాగితం ఇచ్చేవరకు నేను ధర చెప్పలేను" అన్నారు. ఇంటివాళ్లకు ఆయన నచ్చలేదు, పని ఇష్టం లేక తప్పించుకుంటున్నారనుకున్నారు. నేను మాత్రం ఆయన ఫోను నంబరు రాసుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా మంచి మేస్త్రీ కావాలంటే ముందు ఆయన పేరే చెబుతాను.

ప్రశ్నలు ఎక్కువ అడిగే మేస్త్రీ మంచి మేస్త్రీ అయ్యే అవకాశం ఎక్కువ. అంతటితో సరిపెట్టుకోకుండా ఆయన చేసిన పనులు రెండు చూడండి: ఇప్పుడు నడుస్తున్నది ఒకటి, కనీసం ఒక వానాకాలం గడిచినది ఒకటి. పాత పనిలో గది అందం చూడకండి, అతుకు చూడండి. కొత్త గోడ, పాత గోడ కలిసే చోట పగులు ఉందా, రెండు కప్పులు కలిసే చోట మరక ఉందా, స్నానాల గది గోడకు అవతలి వైపు రంగు పొక్కిందా? నడుస్తున్న పనిలో సిమెంటు బస్తాలు నేలకు ఆనకుండా పలకల మీద ఉన్నాయా, కట్టే ముందు ఇటుకలు తడుపుతున్నారా, కడ్డీలు సెంట్రింగ్‌కు అంటుకోకుండా కింద కవర్ బ్లాకులు పెట్టారా, కాంక్రీటులో నీళ్లు కొలిచి పోస్తున్నారా అన్నవి చూడండి. ఆ ఇంటి యజమానిని ఆయన మంచివాడేనా అని అడగకండి, అందరూ అవుననే అంటారు. చివరి బిల్లు మొదటి ధర కంటే ఎంత పెరిగింది, పని అయిపోయాక పిలిస్తే వచ్చారా, రోజూ పని దగ్గర ఉన్నది ఆయనేనా లేక వేరేవారికి అప్పగించారా అని అడగండి.

డబ్బు

మీ దగ్గరున్న మొత్తాన్ని వంద అనుకోండి. అందులోంచి ముందుగా ఇరవై తీసి పక్కన పెట్టండి. కొత్త ఇంటికైతే పది చాలంటాను, పాత ఇంటి గోడ విప్పేటప్పుడు ఇరవై లేకుండా నేను ఎవరినీ మొదలుపెట్టనివ్వను. ఇంజనీరు, అనుమతులు, విద్యుత్ కనెక్షన్ పెంపు ఖర్చులు ఆ తర్వాత తీయండి. పని నడిచేటప్పుడు వేరే చోట ఉండాల్సి వస్తే ఆ అద్దె కూడా తీయండి. మిగిలిందే మీరు మేస్త్రీతో మాట్లాడగలిగే మొత్తం. ఆ ఇరవై గోడ లోపలి సంగతుల కోసం. దాంతో ఖరీదైన టైల్స్ కొనేసి, ఆ తర్వాత మురుగు గొట్టం పగిలి ఉందని తెలిసి తల పట్టుకున్నవారు నాకు చాలామంది తెలుసు.

అడ్వాన్సు పదో వంతుకు మించకూడదు. మిగతాది దశలవారీగా, ఒక్కో దశ పూర్తయ్యాక ఇవ్వండి: పునాది నేల మట్టానికి రావడం, గోడలు లింటెల్ (తలుపులు, కిటికీల మీద వచ్చే అడ్డ దూలం) వరకు లేవడం, స్లాబు పడడం, ప్లాస్టరింగ్, నేల, చివరి పనులు. స్లాబు పడేసరికి చాలామంది యజమానులు ముప్పావు వంతు డబ్బు ఇచ్చేసి ఉంటారు. అక్కడే చిక్కు వస్తుంది. స్లాబు వరకు పని చకచకా సాగుతుంది. ఆ తర్వాత వచ్చేవన్నీ నెమ్మదిగా నడిచే, ఓపిక కావాల్సిన, మేస్త్రీకి మిగులు తక్కువగా ఉండే పనులు. రావాల్సిన డబ్బు కూడా కొంచెమే మిగిలితే ఆయన మనుషులు మరో ఇంటికి వెళ్లిపోతారు. స్లాబు తర్వాత కనీసం నలభై శాతం మీ చేతిలో ఉండేలా దశలు పంచుకోండి. చివరి ఐదు శాతం ఒక వానాకాలం గడిచాక ఇస్తామని మొదటి రోజే రాసుకోండి. ఆఖరున చెబితే అది అవమానంలా ఉంటుంది.

ఒప్పందంలో పనివారికి దెబ్బ తగిలితే ఎవరు బాధ్యులో, బీమా ఎవరు తీసుకోవాలో తప్పకుండా ఉండాలి. మార్పుల గురించి ఒక వాక్యం చేర్చండి: ధర, రోజులు రాతలో ఒప్పుకున్నాకే అదనపు పని మొదలవుతుంది. ఫోనులో సందేశం రాసినా చాలు. "ఎలాగూ పని నడుస్తోంది కదా, పనిలో పనిగా ఇది కూడా చేసేద్దాం" అన్న మాటకు ఎంత ఖర్చవుతుందో ఆ సందేశం టైపు చేసేటప్పుడే తెలుస్తుంది.

పని నడిచేటప్పుడు

ఇనుము బిల్లు సరిచూడడానికి ఒక సూత్రం ఉంది. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీ అయితే 144ను 162తో భాగించాలి, సుమారు 0.89 కిలో. 12 మీటర్ల కడ్డీ పది కిలోల ఆరు వందల గ్రాములు దాటుతుంది. కడ్డీలు లెక్కపెట్టి గుణిస్తే బిల్లులో తూకం నిజమో కాదో తేలుతుంది. తయారీలో కాస్త తేడా సహజం, పెద్ద తేడా వస్తే అడగండి.

కాంక్రీటులో నీళ్లు ఎక్కువైతే పోయడం సులువు, బలం తక్కువ. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్లకు దగ్గరగా ఉండాలి, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. గొట్టం పెట్టి వదిలేసే పద్ధతిని మొదటి రోజే ఆపించండి, ఒక బకెట్టు కొలతగా పెట్టండి. పోసిన కాంక్రీటును కనీసం ఏడు రోజులు తడిగా ఉంచాలి, సిమెంటులో బూడిద కలిసిన రకమైతే పది రోజులు దాటాలి. దాని బలాన్ని లెక్కించేది 28 రోజులకు. కింది ఆధారాలు ఎప్పుడు తీయాలో ఇంజనీర్ చెప్పాలి. సెంట్రింగ్ వాళ్లు తమ సామాను వేరే చోటికి కావాలని తొందరపెడితే వినకండి.

ప్లాస్టరింగ్‌కు ముందు ఒక పూట ఖాళీ చేసుకోండి. పైపుల్లో నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి ఎక్కడా కారడం లేదని చూడండి. గోడ పక్కన కొలత టేపు ఆనించి, పైపులు, వైర్లు వెళ్లే ప్రతి దారినీ ఫోటో తీయండి. రేపు అద్దం తగిలించడానికి మేకు కొట్టేటప్పుడు ఆ ఫోటోలు అక్కరకొస్తాయి. స్నానాల గదిలో టైల్స్ వేయకముందే కాలువ మూసి, నేల నిండా నీళ్లు నిలిపి, ఒక రోజంతా ఉంచి కింది గది కప్పు చూడాలి. మేస్త్రీ "ఇదంతా ఎందుకండీ, నేను చేసిన పని కారదు" అంటే, కారకపోతే మంచిదే కదా అని నీళ్లు పట్టండి.

చివరి బిల్లు చెల్లించే ముందు మేస్త్రీతో కలిసి గదులన్నీ తిరిగి లోపాల జాబితా రాయండి, ఇద్దరూ సంతకం చేయండి, ప్రతిదానికీ తేదీ వేయండి. ఇంజనీర్ గీసిన పటాలు, అనుమతి పత్రాలు, మార్పుల సందేశాలు, పైపుల ఫోటోలు, మిగిలిన టైల్స్ ఒక పెట్టె, రంగు డబ్బా మీది సంఖ్య అన్నీ ఒకచోట పెట్టండి. అతుకు దగ్గర సన్నని వెంట్రుక పగులు కనిపిస్తే కంగారుపడి వెంటనే పూడ్పించకండి. పెన్సిలు గీత గీసి తేదీ రాసి, వానాకాలం పోయాక మళ్లీ చూడండి. అక్కడే ఆగి ఉంటే సాగే పదార్థంతో నింపించి, ఆ గోడకు ఆఖరి పూత అప్పుడు వేయించండి. గీత దాటి ఉంటే మిగిలిన ఐదు శాతం ఇవ్వకముందే ఇంజనీర్‌ను పిలవండి.